బ్యాడ్జి చెప్పేది, పలక చెప్పేది: కారు ట్రిమ్ స్థాయిని చారిత్రక ఆధారంగా చదవడం

పరిచయం

శాసనాలు, నాణేలు, కైఫీయతులు, రెవెన్యూ దస్త్రాలు చరిత్ర రచనకు ఎలా ఉపయోగపడతాయో ఇంతకుముందు పాఠాల్లో మీరు చదివారు. ఈ పాఠంలో ఇరవయ్యో శతాబ్దపు వస్తువు ఒకదాన్ని, అంటే కారును, అదే పద్ధతిలో చదవడానికి ప్రయత్నిద్దాం. చరిత్ర పుస్తకంలో కారేమిటని మీకు అనిపించవచ్చు. సంపర్క తరగతుల్లో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. రాజు ఎవరికి ఏ భూమి దానమిచ్చాడో రాగిరేకు చెబుతుంది. ఒక గుమాస్తా, ఒక ఊరూరా తిరిగే సేల్స్‌మన్, ఒక డాక్టరు తమ సంపాదనతో సంఘంలో ఏ మెట్టు మీద నిలబడగలిగారో, ఏ మెట్టు మీద ఉన్నట్టు కనిపించాలనుకున్నారో కారు చెబుతుంది.

ఒకే కంపెనీ, ఒకే సంవత్సరం, ఒకే అచ్చులో తీసిన కార్లను కూడా వేర్వేరు హంగులతో, వేర్వేరు ధరలకు అమ్ముతుంది. ఈ హంగుల మెట్లనే ట్రిమ్ స్థాయిలు అంటారు. మన షోరూముల్లో వీటిని వేరియంట్లు అంటున్నారు. ‘బేస్ మోడల్’, ‘టాప్ ఎండ్’, ‘ఫుల్ ఆప్షన్’ అనే మాటలు మీరు వినే ఉంటారు. పాత కారు ఎదుట నిలబడినప్పుడు, లేదా పాత ఫొటోలో కారు కనిపించినప్పుడు, అది ఏ ట్రిమ్ స్థాయిదో ఎలా తేల్చాలి? తప్పుగా తేలిస్తే నష్టమేమిటి? ఈ రెండు ప్రశ్నలకు అమెరికాలో తయారైన 1957 షెవ్రోలెను ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆ కారుకు సంబంధించిన ఆధారాలు స్పష్టంగా ఉన్నాయి, దాన్ని మార్చి చూపే అలవాటు కూడా అంతే బలంగా ఉంది.

మెట్లు ఎలా ఏర్పడ్డాయి?

హెన్రీ ఫోర్డ్ 1908లో తెచ్చిన మోడల్ టి కారుకు ఈ సమస్య దాదాపు లేదు. 1927లో ఆగేనాటికి కోటిన్నర కార్లు తయారయ్యాయి. 1914 నుంచి చాలా ఏళ్లపాటు అది నల్ల రంగులో మాత్రమే వచ్చింది. ధర ఏటేటా తగ్గించడమే ఫోర్డ్ సిద్ధాంతం. బ్యాంకు యజమాని కొన్నా, పాల వ్యాపారి కొన్నా అదే కారు.

జనరల్ మోటార్స్ సంస్థకు 1923లో అధ్యక్షుడైన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టాడు. కొనేవాడి జేబును బట్టి, అవసరాన్ని బట్టి ఒక్కో కారు ఉండాలన్నది అతని విధానం. అట్టడుగున షెవ్రోలె, పైన కాడిలాక్, మధ్యలో పాంటియాక్, ఓల్డ్స్‌మొబీల్, బ్యూయిక్. జీతం పెరిగినవాడు ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోవాలి, కానీ కంపెనీ గడప దాటకూడదు. కార్ల రూపురేఖలకు 1927లో ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటుచేసి, హార్లీ అర్ల్‌కు అప్పగించడం కూడా ఈ ఆలోచనలో భాగమే. ఇనుము, ఇంజిన్ ఒకటే అయినా, కంటికి కనిపించే తేడాను కూడా అమ్మవచ్చని ఆ సంస్థ గ్రహించింది.

ఆ తరువాత ఒక్కో బ్రాండు లోపల కూడా మెట్లు కట్టడం మొదలైంది. ఫోర్డ్ కూడా ఈ దారికి రాక తప్పలేదు. ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. 1939లో ఫోర్డ్ తన ‘స్టాండర్డ్’ కారుకు దాదాపు 1938 నాటి ‘డీలక్స్’ ముఖాన్నే పెట్టింది. 1940 స్టాండర్డ్ కూడా 1939 డీలక్స్‌ను పోలి ఉంటుంది. అంటే తక్కువ ధర పెట్టినవాడికి కొత్త కారే ఇచ్చారు, అయితే నిరుటి ముఖంతో ఇచ్చారు. పాత ఫొటోలో ఇలాంటి కారును చూసి దాని ముఖం ఆధారంగా కాలనిర్ణయం చేసేవారు ఒక ఏడాది వెనక్కి వెళ్లిపోతారు. ముందు ట్రిమ్ స్థాయి తేలితేనే కాలం తేలుతుంది. లిపిని బట్టి శాసనానికి కాలనిర్ణయం చేసేటప్పుడు ప్రాంతీయ భేదాన్ని పట్టించుకోకపోతే ఎలాంటి పొరపాటు జరుగుతుందో, ఇక్కడా అలాంటిదే జరుగుతుంది.

1957 షెవ్రోలె: ఒకే ఒడలు, మూడు పేర్లు

1953 నుంచి షెవ్రోలె కార్లు మూడు వరుసల్లో వచ్చాయి. అడుగున 150, మధ్యలో 210, పైన బెల్ ఎయిర్. మొదటి రెంటికీ అంకెలే పేర్లు, పై మెట్టుకు మాత్రం లాస్ ఏంజిలెస్‌లో ధనికులు నివసించే ప్రాంతం పేరు. పేరు పెట్టడంలోనే అంతస్తు కనబడుతోంది కదా!

1957లో ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో నాలుగు తలుపుల సెడాన్‌ను 150 వరుసలో కొంటే 2,048 డాలర్లు, 210లో 2,174, బెల్ ఎయిర్‌లో 2,290. అట్టడుగుకూ పై మెట్టుకూ తేడా 242 డాలర్లు, అంటే సుమారు 12 శాతం. ఆ 242 డాలర్లకు కొన్నవారికి ఏం దక్కింది? చక్రాల మధ్య దూరం మూడింటికీ ఒకటే, 115 అంగుళాలు. తేడా అంతా పైపూతలో, లోపలి పరుపులో ఉంది. బెల్ ఎయిర్‌కు ముందు గ్రిల్ బంగారు రంగు. ముందు మడ్‌గార్డుల మీద బంగారు రంగులోనే మూడేసి చిన్న గుర్తులు. వెనక రెక్క వైపు వెడల్పవుతూ పోయే రెండు మెరుగు పట్టీల మధ్య గీతల అల్యూమినియం రేకు. 210కి పట్టీలు అలాగే ఉంటాయి, కానీ వాటి మధ్య రేకు ఉండదు, రంగు మాత్రమే ఉంటుంది. 150కి పట్టీ పొట్టిది. లోపల బెల్ ఎయిర్‌లో తివాచీ ఉంటే, 150లో నల్ల రబ్బరు చాప. 150 వరుసలోనే సేల్స్‌మన్ల కోసం వెనక సీటు లేకుండా, ఆ చోట సరుకు పెట్టుకునేలా చేసిన ‘యుటిలిటీ సెడాన్’ కూడా ఉండేది. దాని ధర 1,885 డాలర్లు. పొద్దున్న బయలుదేరి దుకాణం దుకాణం తిరిగే మనిషి పని దినాన్ని ఆ ఖాళీ చోటులో చూడవచ్చు.

ట్రిమ్ స్థాయికీ, ఇంజిన్ శక్తికీ ముడిపెట్టకండి. విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు ఇదే. 150 కొన్నవాడు కూడా వి-8 ఇంజిన్ కోరి తీసుకోవచ్చు. నిజానికి ఆ ఏడు పందాల కోసం సిద్ధంచేసిన ‘బ్లాక్ విడో’ కార్లు 150 వరుసలోని రెండు తలుపుల కార్లే. హంగులు తక్కువైతే బరువూ తక్కువ. అత్యంత చవక ఒంటిలో అత్యంత బలమైన ఇంజిన్ పెట్టారు.

ఆధారాల విమర్శ

పైన చెప్పిన గుర్తులన్నీ కంటికి కనిపించేవి. వాటిని చూసి ఇది బెల్ ఎయిర్ అని చెప్పడం తేలిక. కానీ బ్యాడ్జి అనేది ఒక ప్రకటన. మరలు విప్పి తీసేయవచ్చు, కొత్తది కొని తగిలించవచ్చు. చరిత్రకారుడు ప్రకటననూ నమోదునూ వేరుచేసి చూడాలి. తూర్పు చాళుక్యుల రాగిరేకులను పరిశీలించేటప్పుడు వరాహ లాంఛనమున్న ముద్రను మాత్రమే చూసి శాసనం అసలైనదని ఒప్పుకోం. లిపి, భాష, వంశక్రమం, తేదీ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూస్తాం. జె. ఎఫ్. ఫ్లీట్ వంటి పండితులు ఎన్నో కూటశాసనాలను బయటపెట్టింది ఈ పద్ధతిలోనే.

1957 షెవ్రోలెలో నమోదు రెండు చోట్ల ఉంది. డ్రైవరు తలుపు కీళ్లు బిగించే స్తంభం మీద వాహన సంఖ్య పలక ఉంటుంది. ‘వీసీ57ఎఫ్’ అని మొదలైతే ఇలా చదవాలి: ‘వీ’ అంటే వి-8 ఇంజిన్, ‘సీ’ అంటే బెల్ ఎయిర్ వరుస, 57 సంవత్సరం, ‘ఎఫ్’ అంటే ఫ్లింట్ కర్మాగారం. ‘సీ’ ఉండవలసిన చోట ‘ఏ’ ఉంటే అది 150, ‘బీ’ ఉంటే 210. మొదట ‘వీ’ లేకపోతే అది ఆరు సిలిండర్ల కారుగా పుట్టిందని అర్థం. అంటే ఒకే ఒక అక్షరం ఆ కారు పుట్టిన అంతస్తును చెబుతుంది.

రెండోది, బానెట్ ఎత్తితే ఇంజిన్ వెనక అడ్డుగోడ మీద కనిపించే ఫిషర్ బాడీ విభాగపు పలక. దాని మీద బాడీ నమూనా సంఖ్య, సీటు గుడ్డ సంఖ్య, రంగు సంఖ్య ఉంటాయి. నాలుగు తలుపుల బెల్ ఎయిర్ సెడాన్ నమూనా సంఖ్య చివర ‘డీ’ అనే అక్షరం ఉంటుంది, 210కి ఉండదు. తలుపు స్తంభం మీది పలక కారు వరుసను చెబుతుంది గాని తలుపులెన్నో చెప్పదు. ఆ సంగతి అడ్డుగోడ పలకే చెప్పాలి. అందుకే రెంటినీ కలిపి చదవాలి, రెండూ ఒకదానితో ఒకటి ఏకీభవించాలి. సీటు గుడ్డ సంఖ్య 150కి చెందినదై, ఎదుట బెల్ ఎయిర్ తివాచీ పరిచి ఉంటే, ఆ తివాచీ తరువాత వచ్చిందన్నమాట.

పలకలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఒక కారు నుంచి ఊడదీసి మరొకదానికి బిగించడం అసాధ్యమేమీ కాదు. అప్పుడు మూడో ఆధారం అవసరమవుతుంది, అది కారు శరీరమే. మెరుగు పట్టీలు రేకులో తొలిచిన రంధ్రాల్లో క్లిప్పులతో నిలుస్తాయి. 150 పట్టీ రంధ్రాలు ఒక చోట, బెల్ ఎయిర్ రంధ్రాలు మరో చోట. పైన పుట్టీ పెట్టి, రంగు వేసి పాత రంధ్రాలను మూసేయవచ్చు. కానీ రేకు లోపలివైపు తడిమి చూసినా, అద్దం పెట్టి చూసినా పూడ్చిన చోటు దొరుకుతుంది. పాత రాతిపై అక్షరాలు చెక్కేసి కొత్తవి చెక్కిన శాసనాన్ని ఏటవాలు వెలుతురులో చదవడం మీకు గుర్తుందా? ఇదీ అలాంటిదే.

వస్తువు మీద ఉన్న ఆధారమంతా కలిపినా తేలని సందర్భమూ ఉంటుంది. 1964లో పాంటియాక్ తెచ్చిన జీటీఓ దీనికి మంచి ఉదాహరణ. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టరాదని జనరల్ మోటార్స్ యాజమాన్యం నియమం పెట్టింది. పాంటియాక్ ఇంజినీర్లు 389 ఘనపుటంగుళాల ఇంజిన్‌ను కొత్త కారుగా కాక, టెంపెస్ట్ లెమాన్స్ కారు మీద ఎంచుకునే అదనపు హంగుల మూటగా జాబితాలో చేర్చి, ఆ నియమాన్ని పక్కకు నెట్టారు. ఆ ఏడు 32,450 కార్లు అమ్ముడయ్యాయి. కానీ కాగితాల మీద అవన్నీ లెమాన్స్ కార్లే, వాహన సంఖ్యలో జీటీఓ అన్న సంగతే లేదు. 1966లో అది ప్రత్యేక వరుస అయ్యాకే వాహన సంఖ్య 242తో మొదలై, దాన్ని గుర్తుపట్టే వీలు కలిగింది. అంతకుముందు రెండేళ్ల కార్లకు కంపెనీ బిల్లింగు దస్త్రాలే శరణ్యం. వాటి ప్రతులను పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థ ద్వారా పొందవచ్చు. యాజమాన్యం కన్నుగప్పడానికి ఇంజినీర్లు చేసిన ఉపాయం, అరవై ఏళ్ల తరువాత పరిశోధకుడికి చిక్కుముడి అయింది. దస్త్రం లేని చోట వస్తువు మౌనంగా ఉంటుందని మనం తరచూ అంటాం. ఇక్కడ వస్తువు మాట్లాడుతూనే ఉంది, అయితే ఎవరికో భయపడి సగమే చెప్పింది.

పేర్లు కిందికి జారడం

ట్రిమ్ పేర్లకు స్థిరమైన విలువ ఉండదు. బెల్ ఎయిర్ అనే పేరు మొదట 1950లో ఒక ప్రత్యేకమైన రెండు తలుపుల కారుకు పెట్టారు. 1953లో అది మొత్తం పై వరుసకు పేరైంది. 1958లో బెల్ ఎయిర్‌లోనే ఇంకా ఖరీదైన రకంగా ఇంపాలా వచ్చింది. మరుసటి ఏడు ఇంపాలా వేరే వరుసై పైకి ఎక్కి కూర్చుంది, బెల్ ఎయిర్ ఒక మెట్టు దిగింది. 1965లో ఇంపాలా మీద అదనపు హంగులుగా కాప్రిస్ వచ్చింది, 1966లో అదీ ప్రత్యేక వరుసై ఇంపాలాను కిందికి నెట్టింది. 1975తో అమెరికాలో బెల్ ఎయిర్ ఆగిపోయింది. చివరి ఏళ్లలో దాన్ని ఎక్కువగా కొన్నది హంగులు అక్కర్లేని సంస్థలు. బిరుదుల చరిత్ర చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఒకప్పుడు చక్రవర్తికే చెల్లిన బిరుదు కొన్ని తరాల తరువాత చిన్న సామంతుల పేర్ల ముందు కనిపిస్తుంది. నా తరంవారికి ఇంపాలా అన్న మాట వింటేనే సంపద కళ్లముందు మెదిలేది. అది ఏ సంవత్సరపు ఇంపాలా అని మేమెవరం అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదే.

బ్రిటన్‌లో 1970లో వచ్చిన మూడో తరం ఫోర్డ్ కోర్టినా వెనక ఎల్, ఎక్స్ఎల్, జీటీ, జీఎక్స్ఎల్ అన్న అక్షరాలుండేవి. ఉద్యోగికి కంపెనీయే కారిచ్చే ఆ దేశంలో, ఆ అక్షరాలు చూసి ఎదుటివాడి హోదాను అంచనా వేసేవారు.

ఏవి మిగిలాయి? ఏవి మాయమయ్యాయి?

ఈ పాఠంలో నేను ముఖ్యమని భావించే విషయానికి వచ్చాం. 1957లో నాలుగు తలుపుల సెడాన్లలో 210 రకం సుమారు 2.6 లక్షలు, బెల్ ఎయిర్ సుమారు 2.5 లక్షలు, 150 రకం సుమారు 52 వేలు తయారయ్యాయి. అంటే అమెరికన్ వీధుల్లో మధ్యమెట్టు కారు పై మెట్టు కారుకు ఏమాత్రం తీసిపోని సంఖ్యలో తిరిగింది. కానీ ఈనాడు ఆ దశాబ్దాన్ని తలచుకోగానే కళ్లముందు కనిపించేది బంగారు గ్రిల్, వెనక రెక్క మీద అల్యూమినియం రేకు ఉన్న బెల్ ఎయిర్, అందులోనూ రెండు తలుపులది లేదా పైకప్పు మడిచేది. 150, 210 కార్లు కొన్నవారు వాటిని పనిముట్లుగా అరగదీశారు. తుక్కుకు పోయినవి పోగా మిగిలిన వాటిలో కొన్నింటిని విడిభాగాల కోసం విప్పేశారు. ఇంకొన్నింటికి బెల్ ఎయిర్ పట్టీలు తగిలించి పై మెట్టు ఎక్కించారు. అలా ఎక్కించిన ప్రతి కారుతో, రబ్బరు చాప మీద కాళ్లుపెట్టి కారు నడిపిన ఒక కుటుంబపు ఆనవాలు చెరిగిపోయింది.

మార్చినవారంతా మోసగాళ్లని నేననను. చిన్నప్పుడు పక్కింటివారి బెల్ ఎయిర్‌ను చూసి ఆశపడినవాడు, పెద్దయ్యాక తన 150కి ఆ హంగులు పెట్టుకుంటే అది అతని ఇష్టం. ఆ కోరిక కూడా చరిత్రే, దాన్ని 1957కి కాక, మార్పు జరిగిన కాలానికి ఆధారంగా నమోదు చేయాలి. దాన్నే బెల్ ఎయిర్ అని చెప్పి అమ్మినప్పుడే అది కూటశాసనం అవుతుంది.

మన దేశంలో ఈ ప్రశ్న

లైసెన్సుల కాలంలో భారతీయుడికి కారు దొరకడమే గగనం, ఇక ట్రిమ్ ఎంచుకోవడమెక్కడ? 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక, 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు తీసేశాక మెట్లు పెరిగాయి. ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ వంటి అక్షరాలు మధ్యతరగతి ఇళ్లలో మాటలయ్యాయి.

అయితే 242 డాలర్ల తేడా తివాచీకీ, బంగారు రంగుకూ పరిమితమైంది. మన దగ్గర తేడా అక్కడితో ఆగలేదు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి పరీక్షించిన ఫలితాలు ప్రకటించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఈ అయిదు కార్లకూ పెద్దల రక్షణలో 0 నక్షత్రాలే వచ్చాయి. ఫిగో, పోలో బాడీలు మాత్రం దెబ్బకు నిలిచాయి. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోను పరీక్షిస్తే 4 నక్షత్రాలు వచ్చాయి. పేరూ రూపూ అవే, వేరియంటే వేరు. ఆ తరువాత ఎయిర్‌బ్యాగులు లేని పోలో అమ్మకాన్ని ఆ కంపెనీ ఆపేసింది. 2019 జూలై 1 నుంచి డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరైంది, 2021లో పక్క సీటుకు కూడా ఆ నిబంధన వర్తించింది. కనుక రేపు మన దేశపు రోడ్డు ప్రమాదాల చరిత్ర రాయబోయేవారికి కారు పేరొక్కటే తెలిస్తే చాలదు. 2012 నాటి పోలో అని దస్త్రంలో ఉంటే, ఏ పోలో అని వారు అడగక తప్పదు.

అభ్యాసం

మీ వీధిలోనో బంధువుల ఇంట్లోనో కనీసం 15 ఏళ్లు నిండిన కారును ఎంచుకుని, యజమాని అనుమతితో పరిశీలించండి. ముందుగా డిక్కీ మీద బ్యాడ్జి ఏమంటోందో రాసుకోండి. తరువాత ఆర్.సి.లో మోడల్ పేరు ఎలా నమోదైందో చూడండి. ఛాసిస్ నంబరులోని 17 స్థానాల్లో మొదటి మూడు తయారీదారును సూచిస్తాయి, ఉదాహరణకు మారుతి కార్లకు ‘ఎంఏ3’. ఆ మూడూ బ్యాడ్జితో పొసగుతున్నాయా? ఆపై లోపలికి వెళ్లి పవర్ విండో మీటలు, సీటు గుడ్డ, వెనక అద్దం తుడిచే వైపరు, స్టీరింగు మీద ఎయిర్‌బ్యాగు గుర్తు చూడండి. మీట ఉండవలసిన చోట ప్లాస్టిక్ మూత ఉంటే, ఆ హంగు పై వేరియంట్‌లో ఉండి ఉండవచ్చు. యజమానిని కూడా అడగండి, కానీ ఆయన చెప్పింది వేరే కాలమ్‌లో రాయండి. అన్నీ ఏకీభవించిన చోటా, ఏకీభవించని చోటా కారణాలు చర్చిస్తూ రెండు పుటలకు మించకుండా నివేదిక రాసి, సంపర్క తరగతికి తీసుకురండి. బ్యాడ్జి ఊడిపోయిన కారు దొరికితే ఇంకా మంచిది, దాని కింద రంధ్రాలుంటే లెక్కపెట్టడం మరచిపోకండి.